మన మూసీ పుట్టిన లోయలోకి తొలి నడక: అనంతగిరి కొండలు, ముచుకుందుడు చెప్పే పాఠం

 

పోయిన వారం వీడియో కింద చాలామంది దాదాపు ఒకటే ప్రశ్న అడిగారు. "అక్కా, నేను ఎప్పుడూ కొండ ఎక్కలేదు. ట్రెక్కింగ్ అంటే భయం. అమ్మానాన్నను తీసుకుని ఒక్క రోజులో వెళ్ళొచ్చేలా, గుడి కూడా ఉండేలా, దగ్గర్లో ఏదైనా చోటు చెప్పండి" అని. అందుకే ఈ రోజు పాఠం కాస్త వేరేగా ఉంటుంది. సగం పురాణం, సగం ప్రయాణం. చివరికి రెండూ ఒకటే అని మీకే తెలుస్తుంది.

ఆ చోటు పేరు అనంతగిరి. అరకు దారిలో ఉన్న అనంతగిరి కాదు, మన వికారాబాద్ పక్కన ఉన్నది. హైదరాబాద్ నుంచి సుమారు 75, 80 కిలోమీటర్లు. అక్కడ అనంత పద్మనాభ స్వామి గుడి ఉంది, గుడిని ఆనుకుని అడవి, పచ్చటి లోయ ఉన్నాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, మన పాతబస్తీ మధ్యలోంచి పారే మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే.

ముక్కు మూసుకుని దాటే నది

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పుట్టి పెరిగింది లాల్ దర్వాజ దగ్గర. కాలేజీకి రోజూ నయాపూల్ మీదుగానే వెళ్ళేదాన్ని. బస్సు బ్రిడ్జి ఎక్కగానే అందరం చున్నీ, కర్చీఫ్, ఏది దొరికితే అది ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళం. బ్రిడ్జి దిగాక తీసేవాళ్ళం. మూసీ అంటే నాకు అంతే. వాసన వచ్చే ఒక నాలా.

కానీ ఆషాఢంలో ఒక్క రోజు మాత్రం అదే నదిని మా ఇంట్లో వేరేగా చూసేవారు. సింహవాహిని అమ్మవారి బోనాలు అయిపోయాక పాతబస్తీ గుళ్ళ ఘటాలన్నీ ఊరేగింపుగా వస్తాయి కదా. అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. అవన్నీ నయాపూల్ దగ్గర మూసీకే చేరతాయి. ఆ రోజు మా అమ్మ నదివైపు తిరిగి దండం పెట్టేది. నాకు నవ్వొచ్చేది. "అమ్మా, నాలాకు మొక్కుతున్నావా?" అని ఒకసారి అనేశాను. "నాలా గాదు బిడ్డా, గంగ. గంగ యాడ పుట్టిందో నువ్వు జూడలే గద, అందుకే గట్ల మాట్లాడుతవు" అంది.

ఆమె కూడా చూడలేదు. యాభై ఏళ్ళుగా మూసీ ఒడ్డునే ఉండి, అది పుట్టిన చోటు మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మీలో ఎంతమంది చూశారు? నిజాయితీగా చెప్పండి.

మూసీ కథ కొంచెం తెలుసుకుందాం

మూసీకి పాత పేరు ముచుకుందా నది. అనంతగిరి కొండల్లో చిన్న చిన్న ఊటలుగా మొదలై, తూర్పుకు పారి, గండిపేట చెరువులోకి వస్తుంది. ఇంకో వాగు ఈసీ. దాని మీద హిమాయత్ సాగర్ ఉంది. ఈ రెండూ లంగర్ హౌజ్ దగ్గర కలుస్తాయి. ఆ సంగమం దగ్గరే బాపూ ఘాట్. 1948లో గాంధీజీ అస్థికల్లో కొంత భాగం కలిపింది అక్కడే. ఆ తర్వాత నది పురానాపూల్ కింద నుంచి, నయాపూల్ కింద నుంచి నగరం దాటుతుంది. పురానాపూల్ 1578లో కట్టింది, అంటే చార్మినార్ కంటే 13 ఏళ్ళు పెద్దది. అన్నట్టు, మనం రోజూ ఎక్కే దిగే ఎంజీబీఎస్ బస్టాండు కూడా మూసీ నడుమనే ఉంది.

నగరం దాటి సూర్యాపేట, నల్లగొండ వైపు వెళ్ళి, మొత్తం సుమారు 240 కిలోమీటర్లు ప్రయాణించి, వాడపల్లి దగ్గర కృష్ణా నదిలో కలుస్తుంది. అక్కడ ఒడ్డున అగస్త్యేశ్వర స్వామి, లక్ష్మీనరసింహ స్వామి గుళ్ళున్నాయి. ఈ వాడపల్లి సంగతి గుర్తుపెట్టుకోండి, కథ అయ్యాక మళ్ళీ వస్తాను.

ఇదే మూసీకి 1908 సెప్టెంబర్ 28న వరద వచ్చింది. దాదాపు 15,000 మంది చనిపోయారని లెక్క చెప్తారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ స్వయంగా వచ్చి నదికి పూజ చేసి, చీర, పసుపు కుంకుమ సమర్పించాడని పాతబస్తీలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహాతోనే పైన జలాశయాల ఆలోచన వచ్చింది. 1920లో ఉస్మాన్ సాగర్, అంటే గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాద్ విడిచి పోలేరని సామెతలా అంటారు కదా. ఆ నీళ్ళు ఎక్కడివి? అనంతగిరివే.

అంటే మన తాతముత్తాతలు తాగింది, భయపడింది, మొక్కింది, అంతా ఒకే నీటికి.

ఇప్పుడు ముచుకుందుని కథ

భాగవతం దశమ స్కంధంలో వస్తుంది ఈ కథ. ముచుకుందుడు ఇక్ష్వాకు వంశపు రాజు, మాంధాత కొడుకు. అంటే రాముడు పుట్టిన వంశమే అన్నమాట. రాక్షసులతో యుద్ధంలో దేవతలు సాయం అడిగితే వెళ్ళి, చాలా కాలం నిద్ర లేకుండా వాళ్ళకు కాపలా కాశాడు. చివరికి దేవతలకు కుమారస్వామి సేనాపతిగా దొరికాక, "రాజా, ఇక నువ్వు విశ్రాంతి తీసుకో" అన్నారు.

ఇక్కడ ఒక బాధ ఉంది, గమనించండి. ఆయన తిరిగి ఇంటికి వెళ్దామంటే ఇల్లే లేదు. భార్యా, పిల్లలూ, మంత్రులూ, ప్రజలూ ఎవరూ మిగల్లేదు. ఆయన డ్యూటీలో ఉండగానే కాలం అందర్నీ తీసుకెళ్ళిపోయింది. మోక్షం తప్ప ఏ వరమైనా అడగమన్నారు దేవతలు. మోక్షం మాత్రం విష్ణువే ఇవ్వగలడు కాబట్టి. అంత గొప్ప యోధుడు ఏం అడిగాడంటే, నిద్ర. కొండ గుహలోకి వెళ్ళి పడుకున్నాడు.

యుగాలు గడిచాయి. ద్వాపరంలో కాలయవనుడు పెద్ద సైన్యంతో మథురను ముట్టడించాడు. అప్పుడు కృష్ణుడు ఏం చేశాడు? ఆయుధం లేకుండా, రథం లేకుండా, ఒంటరిగా కోట బయటికి నడుచుకుంటూ వచ్చాడు. కాలయవనుడు చూసి, ఇతను ఆయుధం లేకుండా నడుస్తున్నాడు కాబట్టి నేనూ అలాగే వెళ్తానని, తనూ కాలినడకన వెంటపడ్డాడు. కృష్ణుడు ప్రతి అడుగులో చేతికి దొరికేంత దగ్గరగా కనిపిస్తూనే, దొరక్కుండా, కొండ దాకా తీసుకెళ్ళి గుహలో దూరాడు. కాలయవనుడు లోపలికి వచ్చి, పడుకున్న మనిషిని చూసి కృష్ణుడే నటిస్తున్నాడనుకుని తన్నాడు. ముచుకుందుడు కళ్ళు తెరిచాడు. ఆ చూపు పడగానే కాలయవనుడు బూడిదయ్యాడు.

అప్పుడు గుహలో వెలుగు కనిపించింది. ఎదురుగా కృష్ణుడు నిలబడి ఉన్నాడు. "స్వామీ, మీరెవరు?" అని అడిగి, ఎవరో తెలుసుకుని, ముచుకుందుడు కన్నీళ్ళతో స్తుతి చేశాడు. రాజ్యం, శరీరం, నావి నావి అనుకుంటూ కాలాన్ని పోగొట్టుకున్నానని, ఈ మత్తులో ఉన్నవాడి మీదికి కాలం పాములా వచ్చి పడుతుందని చెప్పుకున్నాడు. వరం కోరుకోమంటే, మీ పాదసేవ తప్ప ఏమీ వద్దన్నాడు. కృష్ణుడు వెంటనే మోక్షం ఇచ్చేయలేదు. క్షత్రియుడిగా వేటలో ప్రాణుల్ని చంపావు కదా, తపస్సుతో ఆ పాపం కడుక్కో, వచ్చే జన్మలో అన్ని ప్రాణులకూ ఆప్తుడివై పుట్టి నన్ను చేరతావన్నాడు. ముచుకుందుడు గుహ బయటికి వచ్చి చూస్తే మనుషులు, చెట్లు, జంతువులు అన్నీ చిన్నగా కనిపించాయి. కలి దగ్గరపడిందని అర్థం చేసుకుని, ఉత్తరానికి బదరికాశ్రమానికి నడిచి వెళ్ళి తపస్సు చేశాడు.

భాగవతంలో ఉన్నది ఇంతవరకు. మిగతాది అనంతగిరి స్థలపురాణం. ముచుకుందుడు నిద్రపోయిన గుహ ఈ కొండల్లోనే ఉందని, ఆయన కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్ళే ముచుకుందా నదిగా పారాయని ఇక్కడివాళ్ళ నమ్మకం. రాజస్థాన్‌లో ధోల్‌పూర్ దగ్గర కూడా ముచుకుంద తీర్థం ఉంది. "అయితే ఏది నిజం అక్కా?" అని కామెంట్ పెట్టేవాళ్ళు ఉంటారని తెలుసు. పోటీ పెట్టుకోవద్దు ఫ్రెండ్స్. ఎక్కడ కొండ, గుహ, ఊట కనిపిస్తే అక్కడ మన పెద్దలు ఆ కథను తమ నేలకు తెచ్చుకున్నారు. దాని వల్ల ఆ నీటికి ఒక మర్యాద వచ్చింది.

ఇప్పుడు వాడపల్లి సంగతి. కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్ళు అని చెప్పుకునే నది చివరికి ఏ నదిలో కలుస్తుంది? కృష్ణలో. అమ్మకు ఇది చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పోదాం పా" అంది.

తొలిసారి నేను చేసిన తప్పు

మొదటి ప్రయాణం నేను పాడు చేశాను. అది దాచి, మంచి ఫోటోలు మాత్రం చూపిస్తే మీకు ఉపయోగం లేదు.

అది శ్రావణంలో ఒక ఆదివారం. ఇంట్లో ఆలస్యంగా బయల్దేరాం, దర్శనం అయ్యేసరికి నాలుగు దాటింది. వాన పడి ఆగింది, లోయంతా మంచు తెర, చాలా అందంగా ఉంది. అమ్మ కాళ్ళకు మామూలు చెప్పులు. "పది నిమిషాలే అమ్మా, కొంచెం కిందికి దిగి వచ్చేద్దాం" అన్నాను. చేతిలో కెమెరా. షాట్ బాగుందని ముందుకు, ఇంకో షాట్ కోసం ఇంకా ముందుకు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు.

పిలిస్తే పలకలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. బాట రెండుగా చీలిన చోటికి వచ్చాను, ఏ వైపు వెళ్ళిందో తెలియదు. వెలుతురు తగ్గుతోంది. ఆ ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. నోట్లో స్తోత్రం కూడా రాలేదు. "అమ్మా" అనే మాట ఒక్కటే వచ్చింది.

ఒక చెట్టు కింద రాయి మీద కూర్చుని కనిపించింది. ఎర్రమట్టిలో జారింది. మోకాలు గీరుకుపోయింది, చీరంతా మట్టి. నేను ఏడుస్తుంటే ఆమె కోపం చేయలేదు. ఒక్క మాటే అంది: "నువ్వు కనవడ్డంత సేపు నడిచిన బిడ్డా. కనవడకపోతే ఎటు నడవాల్నో తెల్వక గూసున్న."

దారిలో ఎదురైన ఊరి దంపతులు చేయి ఇచ్చి పైకి తీసుకొచ్చారు. ఆ రోజు తీసిన వీడియో నేను అప్‌లోడ్ చేయలేదు.

రాత్రి ఇంటికొచ్చాక ముచుకుందుని కథే మళ్ళీ గుర్తొచ్చింది. కృష్ణుడు తనను చంపడానికి వెంటపడ్డవాడికి కూడా అడుగడుగునా కనిపిస్తూ నడిచాడు. శత్రువుకే కంటికి ఆనుతూ నడిచాడాయన. నేను నన్ను కన్నతల్లిని వదిలేసి షాట్ కోసం పరిగెత్తాను. దేవుడి వీడియో కోసమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటే అది అబద్ధం.

రెండోసారి ఎలా వెళ్ళాం: మీరూ ఇలాగే వెళ్ళండి

మోకాలు తగ్గాక, కార్తీకం ముగిసిన తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి అమ్మే అడిగింది.

*ప్రయాణం.* పాతబస్తీ నుంచి రెండు దారులు. ఒకటి రైలు. నాంపల్లి, సికింద్రాబాద్, లింగంపల్లి స్టేషన్ల నుంచి వికారాబాద్ జంక్షన్‌కు రైళ్ళున్నాయి. అక్కడ దిగితే గుడికి సుమారు ఆరు కిలోమీటర్లు, ఆటోలో వెళ్ళొచ్చు. రెండోది రోడ్డు. మెహిదీపట్నం, మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ మీదుగా వికారాబాద్. చేవెళ్ళ దారిలో పాత మర్రిచెట్లు రోడ్డుకు రెండు పక్కలా గొడుగు పట్టినట్టు ఉంటాయి. అవి కూడా ఈ యాత్రలో దర్శనమే అనుకోండి. బైకు మీద వెళ్ళేవాళ్ళు కొండ మలుపుల దగ్గర స్పీడు తగ్గించండి, వానలో అసలే జారుతుంది.

*ఎప్పుడు.* పచ్చదనం చూడాలంటే వానాకాలం నుంచి చలికాలం దాకా బాగుంటుంది. కానీ తొలిసారి నడిచేవాళ్ళు, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు, వాన తగ్గి నేల ఆరాక వెళ్ళడం మంచిది. తొలి ఏకాదశికి చిన్న జాతర, కార్తీకంలో పెద్ద జాతర జరుగుతాయి. భక్తికి అవి గొప్ప రోజులు, కానీ ప్రశాంతమైన నడకకు కాదు. ఆదివారం కంటే మామూలు రోజు మేలు. ఎండాకాలం ఆకులు రాలి అడవి ఎండిపోతుంది, మధ్యాహ్నం అస్సలు వద్దు.

*వేళ.* పొద్దున ఎనిమిదికల్లా గుడి దగ్గర ఉండేలా చూసుకోండి. ముందు దర్శనం, తర్వాత నడక, మధ్యాహ్నానికి పైకి వచ్చేయాలి. నాలుగు గంటల తర్వాత లోయలోకి దిగొద్దు. ఇది నా మోకాలి మీద కాదు, అమ్మ మోకాలి మీద నేర్చుకున్న పాఠం.

*నడక.* దీన్ని మూడు భాగాలుగా చేసుకోండి.

మొదటిది గుడి. అనంతుడి మీద పవళించిన పద్మనాభుడి పేరున్న క్షేత్రం. ఒకసారి ఆలోచించండి. యోగనిద్రలో ఉన్న స్వామి, ఆ కొండల్లోనే అలిసి నిద్రపోయిన రాజు. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి పొద్దున తలనొప్పితో లేచే మన తరానికి ఇంతకంటే సరైన క్షేత్రం ఏముంటుంది? దర్శనం అయ్యాక ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఊపిరి నెమ్మదిస్తుంది.

రెండోది కోనేరు. గుడి దగ్గర మెట్లు దిగితే వస్తుంది. మీ వాళ్ళ ఓపికకు ఇదే పరీక్ష. మెట్లు దిగి మళ్ళీ ఎక్కాక వాళ్ళు హాయిగా మాట్లాడగలుగుతుంటే ముందుకు వెళ్ళొచ్చు. ఆయాసంతో మాట తెగుతుంటే ఆ రోజుకు అక్కడితో చాలు. లోయ పైనుంచి కూడా కనిపిస్తుంది. కూర్చుని చూడటం కూడా యాత్రే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

మూడోది లోయలోకి దిగే అడవి బాట. ఏ బాటలో వెళ్ళొచ్చో, ఏది మూసి ఉందో గుడి దగ్గర వాళ్ళనో, అటవీ సిబ్బందినో అడిగి వెళ్ళండి. బాట వదిలి అడవిలోకి వెళ్ళొద్దు. నెమ్మదిగా నడిచినా వెళ్ళిరావడానికి గంటన్నర, రెండు గంటలు పెట్టుకుంటే చాలు. దిగేటప్పుడు సులువుగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడే తెలుస్తుంది. అందుకే సగం ఓపిక మిగిలి ఉండగానే వెనక్కి తిరగాలి.

నడిచేటప్పుడు కాళ్ళకింద చూడండి. ఎర్రటి గరుకు రాయి కనిపిస్తుంది. లేటరైట్ అంటారు. ఈ రాయి నిండా చిన్న చిన్న రంధ్రాలు. వాననీటిని పీల్చుకుని, దాచుకుని, నెమ్మదిగా ఊటలుగా వదులుతుంది. నది పుట్టడం అంటే ఒక గోముఖంలోంచి ధారగా దూకడం అనుకుంటాం మనం. ఇక్కడ అలా ఉండదు. తడి నేల, ఒక చెమ్మ, ఒక సన్నటి జాలు, అలాంటివి పది కలిస్తే ఒక వాగు. తొలిసారి చూసినవాళ్ళు "ఇదేనా మూసీ?" అంటారు. ఇదే. నామజపం కూడా ఇలాగే మొదలవుతుంది కదా, ఏ రోజూ పెద్దగా ఏమీ జరిగినట్టు ఉండదు.

చుట్టూ టేకు, మోదుగ, సీతాఫలం చెట్లు. గాలి ఎంత బాగుంటుందంటే, క్షయ రోగుల కోసం పాతకాలంలోనే ఇక్కడ శానిటోరియం పెట్టారు. మందులు తక్కువగా ఉన్న రోజుల్లో మంచి గాలే సగం వైద్యం అనుకునేవారు.

*ఎవరి వేగంతో.* మనలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు నడవాలి. వాళ్ళ వెనక మనం. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు, ఎవరూ సిగ్గుపడరు. రెండోసారి అమ్మ ముందు నడిచింది. మూడుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ నేను చూడనిదేదో చూపించింది. "గది మోదుగు జూడు, దీని ఆకులతోనే మీ అమ్మమ్మ ఇస్తార్లు కుట్టేది." నేను ముందుంటే అది నాకు దొరికేది కాదు.

సంచిలో ఏముండాలి, ఏం చెయ్యకూడదు

- పట్టు ఉన్న బూట్లు. చెప్పులతో వద్దు. గుడి దగ్గర విప్పి మళ్ళీ వేసుకోవడం ఇబ్బందే, అయినా సరే.
- మనిషికి కనీసం లీటరు నీళ్ళు. ఊట నీళ్ళు పవిత్రమే, నెత్తిన చల్లుకోండి, తాగొద్దు. కింద గుండంలో, వాగులో ఈత కొట్టొద్దు.
- పులిహోర, అటుకులు లాంటివి మూత గట్టిగా ఉన్న డబ్బాలో. కోతులున్నాయి. కవరు చేతిలో కనిపిస్తే చాలు, లాక్కుంటాయి. వాటికి తిండి పెట్టకండి, అది పుణ్యం కాదు, అలవాటు చెడగొట్టడం.
- బీపీ, షుగర్ మందులు, చిన్న టవల్, కట్టు గుడ్డ, టార్చి. ఇంట్లో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో చెప్పి వెళ్ళండి.
- ఎండుగడ్డి దగ్గర దీపం, అగరుబత్తి వెలిగించొద్దు. అడవి అంటుకుంటుంది. దీపం గుడిలో పెట్టండి.
- పూజ కవర్లు, పాత పటాలు, కొబ్బరి పీచు, ప్లాస్టిక్ సీసాలు లోయలో పడేయొద్దు. మనం అక్కడ పడేసింది వానకు కొట్టుకుపోయి ఎక్కడికి వస్తుందో మనకు తెలుసు. మన బస్టాండు కిందికే.

ఈ కథ నుంచి మూడు విషయాలు

ఒకటి, విశ్రాంతి అడగడం తప్పు కాదు. దేవతల్ని కాపాడిన రాజే నిద్ర కోరుకున్నాడు. కానీ ఆయన ముందు ధర్మం పూర్తిచేసి నిద్ర అడిగాడు. మనం పనిని, నిద్రను రెండింటినీ రీల్స్‌కు ఇచ్చేసి అలసటను మిగుల్చుకుంటున్నాం.

రెండు, బాధ్యతలో మునిగి ఉండగానే ఇల్లు ఖాళీ అయిపోతుంది. ముచుకుందుడి డ్యూటీ గొప్పదే, అయినా వెనక్కి తిరిగేసరికి అయినవాళ్ళు ఎవరూ లేరు. నాకు ఆ భయం ఇరవై నిమిషాలు మాత్రమే తెలిసింది. అమ్మానాన్న మనతో కొండ దిగగలిగే సంవత్సరాలు ఎన్నో ఎవరికీ తెలియదు. "వచ్చే ఏడు చూద్దాం" అనకండి.

మూడు, దర్శనం తర్వాత కూడా పని మిగిలే ఉంటుంది. సాక్షాత్తు కృష్ణుడు కనిపించినా, చేసింది కడుక్కోమనే చెప్పాడు ముచుకుందుడికి. అన్ని ప్రాణులకూ ఆప్తుడివై రా అన్నాడు. మూసీ పుట్టిన చోట దండం పెట్టి వచ్చి, మూసీ పారే చోట చెత్త కవరు విసిరితే ఆ దర్శనం ఇంకా పూర్తి కాలేదన్నమాట.

తిరుగు ప్రయాణంలో బస్సు నయాపూల్ ఎక్కేసరికి చీకటి పడింది. అలవాటుగా నా చేయి చున్నీ మీదికి వెళ్ళింది. పక్కన అమ్మ ముక్కు మూసుకోలేదు. కిటికీలోంచి కిందికి చూస్తూ, "పొద్దున ఎంత సక్కగుండె. మనమే గిట్ల జేసినం" అంది. నేను చున్నీ వదిలేశాను. వాసన అలాగే ఉంది. కానీ ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు నాకు తెలుసు.

ఈ వారం సాధన

ముచుకుంద స్తుతి ఉన్న ఘట్టాన్ని ఇంట్లో ఒకసారి చదవండి, తెలుగు తాత్పర్యమైనా సరే. మూడు రోజులు రాత్రి పదిన్నరకల్లా ఫోన్ పక్కన పెట్టి, స్వామిని తలుచుకుని పడుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళను "మీరు ఎప్పటి నుంచో చూడాలనుకుని చూడని చోటు ఏది?" అని అడగండి. జవాబు అనంతగిరే కానక్కర్లేదు. అది ఏ చోటైనా, వాళ్ళను ముందు నడవనిచ్చి, వెనక మీరు నడవండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు. మళ్ళీ వచ్చే పాఠంలో కలుద్దాం.